నర్సమ్మ పేరేమి?

ఈవేళ మీతో మాట్లాడదామనుకున్న సంగతికి ముందు ఒక చిన్న ప్రశ్న వేస్తాను, కోపగించుకోకండి. మీ పెద్దబిడ్డ పుట్టినప్పుడు పురుడు పోసిన డాక్టరమ్మ పేరు మీకు గుర్తుందా? తప్పకుండా వుంటుంది. కొందరైతే ఆమె పేరే బిడ్డకు పెట్టుకుని వుంటారు. సరే, ఆ రాత్రంతా మీ పక్కన నిలబడి, నడుము పట్టి, "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ" అని నుదుటి చెమట తుడిచిన నర్సమ్మ పేరేమి? తెల్లవారాక ఆ గుడ్డలన్నీ తీసి, గది కడిగి, మీకు వేడినీళ్ళు తెచ్చిపెట్టిన ఆయమ్మ పేరో?

నాకూ తెలియదు. అందుకే యీ ప్రసంగం.

ఆస్పత్రి నడిచేది డాక్టర్లవల్లనే అని మనం అనుకుంటాం. ఒక్కరోజు ఆయమ్మలు రాకపోతే ఆ ఆస్పత్రిలో డాక్టరు కూడా నిలబడలేడు. నర్సులు, ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, ల్యాబులో రక్తం చూసేవాళ్ళు, మందులిచ్చేవాళ్ళు, 108 బండి నడిపేవాళ్ళు, ఇంతమంది చేతులు పడితేగాని ఒక ప్రాణం నిలబడదు. ఇందరూ మనుషులే. రోజూ మూలుగులు, ఏడుపులు, రక్తం, చావులు చూస్తూ వుంటే మనసు మొద్దుబారుతుంది. 2020లో కరోనా వచ్చిపోయాక ఆస్పత్రి సిబ్బంది అలసట గురించి ప్రపంచమంతా పెద్దలు మాట్లాడుకుంటున్నారు. జీతాలు పెంచాలి, మనుషుల్ని పెంచాలి అంటున్నారు. అవి కావలసిందే. వాటితోబాటు ఇంకొక మాట కూడా అంటున్నారు. "నేను చేసే యీ పనికి అర్థమేమి?" అన్న ప్రశ్నకు ఆ పనిచేసే మనిషి మనసులో జవాబు వుండాలట. ఆ జవాబు వెనకటి రోజుల్లో ఎక్కడ దొరికింది, ఎక్కడ చేజారిపోయింది, నాకు తెలిసినంతలో చెబుతాను.

నేను పుట్టింది ధర్మవరంలో, మెట్టింది హిందూపురంలో. మా అక్క ఉద్యోగం చేసింది పెనుకొండ దగ్గర పల్లెల్లో. గుంతకల్లు వైపునుంచి బెంగుళూరుకు పోయే రైలెక్కితే ముందు ధర్మవరం, తర్వాత పెనుకొండ, ఆపైన హిందూపురం. నా బ్రతుకంతా ఆ రైలుదారి మీదనే గడిచిందనుకోండి. ధర్మవరంలో మా ఇంట్లో గుంట మగ్గం వుండేది. నాయన నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఎన్నో రోజుల కష్టం తర్వాత చీర కోసిన రోజున, షావుకారుకు ఇచ్చేముందు, అమ్మ దాన్ని ఒళ్ళో పరుచుకుని కొంగుమీద చెయ్యివేసి ఒకసారి నిమిరేది. ఆ చీర ఆమె కట్టబోయేది కాదు. ఎవరి పెళ్ళికో పోయేది. అయినా తను చుట్టిన దారం ఎక్కడ అంచయిందో, ఎక్కడ పువ్వయిందో ఆమె కంటికి కనబడేది.

ఆస్పత్రిలో కండెలు చుట్టేవాళ్ళకు చీర కనబడదు. మూడోరోజు రోగి డిశ్చార్జి అయి వెళ్ళిపోతాడు. ఇంటికి పోయి కోలుకున్నాడో, పొలం దున్నుకుంటున్నాడో, పోయాడో, ఎవరు చెప్పాలి? ఆ మంచం మీదికి సాయంత్రానికే ఇంకొకరు వస్తారు.

రోగికి సేవచేసే మనిషిని మన పూర్వులు చిన్నచూపు చూశారని అనలేం. చరకసంహితలో వైద్యానికి నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. నాలుగింటిలో ఏది కుంటిదయినా మంచం కోడు విరిగినట్టే. ఆ పరిచారకుడికి మళ్ళీ నాలుగు గుణాలు వుండాలన్నారు. సేవచేసే పద్ధతి తెలియాలి, చేతిలో నేర్పు వుండాలి, శుచిగా వుండాలి, అనురాగం వుండాలి. ఈనాటి ఉద్యోగ ప్రకటనల్లో అర్హతల కింద యీ చివరిది నాకెక్కడా కనబడలేదు.

కంచి దగ్గర తిరుముక్కూడల్ అనే ఊరి గుడిగోడ మీద చోళరాజు వీరరాజేంద్రుడి కాలంనాటి శాసనం ఒకటి వుంది. 1060ల చివరినాటిది. ఆ గుడికి చేర్చి పదిహేను పడకల ఆస్పత్రి నడిపారు. అందులో ఎవరెవరు పనిచేసేవారో, ఏడాదికి ఎవరికి ఎంత వడ్లు కొలవాలో రాతిమీద చెక్కించారు. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మందుమొక్కలు తెచ్చి మందులు కాచేవాళ్ళు ఇద్దరు, రోగులకు మందులిచ్చి కనిపెట్టుకునే స్త్రీలు ఇద్దరు, ఒక మంగలి, ఒక నీళ్ళవాడు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. తొమ్మిదివందల యాభై ఏళ్ళ కిందట ఇద్దరు నర్సమ్మలకు రాజశాసనంలో జీతం రాసిపెట్టారు! ఆ సంతోషంలోనే ఇంకొకటి గమనించాను. శాసనంలో వైద్యుడి పేరు వుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు లేవు.

మన తెలుగునాటనే, రాణి రుద్రమదేవి కాలంలో, 1261నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపడానికి భూముల ఆదాయం రాసిచ్చారు. ప్రసూతిశాల అంటే పురుళ్ళ ఆస్పత్రి. గుంటూరు సీమలో, నేటి అమరావతి ప్రాంతంలోనిది ఆ ఊరు.

ఇక మన వైపు సంగతి. 1565 యుద్ధంలో విజయనగరం కూలిపోయాక పెనుకొండే రాజధాని అయింది. కోటలు, మహళ్ళు, గుళ్ళు, మసీదులు, అన్నీ యీనాటికీ చూడవచ్చు. జబ్బు చేస్తే జనం బాబయ్య దర్గాకు పోయి మొక్కుకునేవారు, ఇప్పటికీ మొక్కుకుంటారు. పురుడంటే మాత్రం మంత్రసానే. మా అమ్మమ్మ చెప్పేది, మంత్రసాని వస్తే ఇంట్లోవాళ్ళకు ధైర్యం వచ్చేదట. పురుడు పోసినందుకు చేటలో బియ్యం, పాతచీర, రవికగుడ్డ పెట్టేవారు. ఆమె మళ్ళీ బిడ్డ పేరుపెట్టే రోజున వచ్చేది, పుట్టువెంట్రుకలకు వచ్చేది, ఆ బిడ్డ పెళ్ళిలో పందిట్లో ఒక మూల నిలబడి, "నా చేతులమీద పడిన పిల్ల" అని చూసుకునేది. చీర ఎట్లా వచ్చిందో ఆమె కంటికి కనబడేది. ఇది విని అంతా బంగారుకాలం అనుకోకండి. చాలా ఊళ్ళలో ఆ మంత్రసానిని పురుటిగది దాటి ఇంట్లోకి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ప్రాణం నిలిపిన చేతులే ఆ తర్వాత ముట్టరాని చేతులు. పురిట్లో ఎందరు తల్లులు, బిడ్డలు పోయేవారో కూడా మరిచిపోరాదు.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో పని మారింది. మద్రాసులో పురుళ్ళ ఆస్పత్రి 1844లో వచ్చింది. అక్కడ మంత్రసానులకు శిక్షణ ఇవ్వడానికి 1854లో సర్కారు ఒప్పుకుంది. ఇంకొక ఆరేళ్ళకు, 1860లో, ఫ్లోరెన్స్ నైటింగేల్ లండనులో నర్సుల పాఠశాల పెట్టింది. ఆమె మన దేశం ఒక్కసారి కూడా రాలేదు. అయినా మన మురుగుకాల్వల గురించి, మంచినీళ్ళ గురించి, కరువుల గురించి ఎన్నో ఏళ్ళు రాస్తూనే వుంది. దీపం పట్టుకున్న బొమ్మే మనకు తెలుసు. రాత్రంతా లెక్కలు కట్టి, ఎందుకు చచ్చిపోతున్నారో తేల్చిన మనిషి అని తెలియదు. వార్డులు శుభ్రపడ్డాక చావులు తగ్గాయని అంకెల్లో చూసుకోగలిగింది ఆమె. అందుకే అంత మొండిగా నిలబడగలిగిందని నా వుద్దేశం.

నర్సుపని గౌరవంగల ఇంటి ఆడపిల్లలకు తగదన్న మాట మన ఇళ్ళల్లోనే పుట్టింది, దాన్ని పెంచి పోషించినదీ మనమే. రాత్రి డ్యూటీలు, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవడం, ఎవరి మలమూత్రాలో ఎత్తడం! ఆ పనికి అమ్మాయిని పంపితే సంబంధాలు రావనేవారు. ఫలితం ఏమయిందో భోర్ కమిటీ 1946లో లెక్క చెప్పింది. అప్పటి బ్రిటిష్ ఇండియా అంతటికీ సుమారు ఏడువేలమంది నర్సులు. నలభైమూడువేల మంది జనానికి ఒక్క నర్సు! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు ఒక్కొక్కటీ అప్పట్లో అంత జనం లేనివే. ఆ లెక్కన మూడూళ్ళకు కలిపినా ఇద్దరు ముగ్గురికి మించరు.

ఆ లోటు కొంతైనా తీరిందంటే దుర్గాబాయమ్మ లాంటివాళ్ళ పుణ్యం. మద్రాసులో ఆమె 1937లో మొదలుపెట్టిన ఆంధ్రమహిళాసభ ఆస్పత్రి నడిపింది, నర్సులను తయారుచేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యాక, 1958లో వయసు మీరిన స్త్రీలకు రెండేళ్ళ చదువులు పెట్టించారు. చిన్నప్పుడే చదువు మానేసినవాళ్ళు, భర్త పోయి పుట్టింట్లో అంట్లు తోముకుంటున్నవాళ్ళు ఆ చదువులు చదివి, పరీక్ష పాసై, నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు అయ్యారు. ఎవరికీ అక్కరలేదనిపించుకున్న ఒక మనిషికి తెల్లటి చీర కట్టించి, "సిస్టర్" అని పిలిపించడం చిన్న సంగతా? అట్లాంటివాళ్ళను పనికి అర్థమేమిటని అడిగితే నవ్వుతారు. ఆ పనే వాళ్ళకు బ్రతుకు ఇచ్చింది.

ఇప్పుడు హిందూపురం పొలిమేర దాటి పక్కకు పోదాం. పావగడ, మధుగిరి తాలూకాలు మనకు ఆనుకునే వున్నాయి, తుమకూరు జిల్లాలోవి. బెంగుళూరులో క్షయరోగానికి జాతీయ సంస్థ పెట్టిన కొత్తలో, 1960 ప్రాంతంలో, ఆ జిల్లా పల్లెల్లో ఒక పరిశీలన జరిపారు. దేబబర్ బెనర్జీ అనే డాక్టరు, స్టిగ్ ఆండర్సన్ అనే ఆయన చేశారు. పల్లెజనానికి దగ్గువస్తే తెలియదు, మూఢులు, ఆస్పత్రికి రారు అని పట్నంలో అనుకునేవారు. వీళ్ళు ఇల్లిల్లూ తిరిగి క్షయ వున్నవాళ్ళను అడిగి చూశారు. సగంమందికి పైగా అప్పటికే వైద్యం కోసం గడపలు ఎక్కి వచ్చారు! వచ్చినవాళ్ళలో చాలామందికి సర్కారు ఆస్పత్రిలో ఒక దగ్గుమందు సీసా ఇచ్చి పంపేశారు. అంతే.

ఆ సీసా ఇచ్చిన కాంపౌండరును తలుచుకోండి. చెడ్డవాడు కాడు. రోజుకు వందమంది, అందరికీ దగ్గే, అందరికీ అదే ఎర్రమందు. ఏ దగ్గు తగ్గిందో, ఏ దగ్గు మనిషిని తినేసిందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ పనిలో అర్థం ఎక్కడినుంచి వస్తుంది? పరిశీలన తర్వాత పద్ధతి మార్చారు. క్షయ అంటే మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియానికే పోవాలనే రోజులు పోయి, మామూలు ఆరోగ్యకేంద్రంలోనే కఫం పరీక్ష చేయాలన్నారు. మందులూ అక్కడే ఇవ్వాలన్నారు. మందు మానేసినవాడి ఇంటికి మనిషిని పంపాలన్నారు. ఆ జిల్లా పథకాన్ని మొట్టమొదట పెట్టి చూసినది ఎక్కడో తెలుసా? మన అనంతపురం జిల్లాలోనే, 1960ల ఆరంభంలో. మైక్రోస్కోపులో ఎర్రటి పురుగు కనబడ్డ మనిషికి మందులిచ్చి, నెలలు గడిచాక మళ్ళీ చూస్తే పురుగు లేదు. ఎర్రమందు పోసి పంపిన చేతికి అప్పుడు మొదలూ తుదీ వున్న పని దొరికింది. ఆ రోజుల్లో భారతదేశంలో దాదాపు పదేళ్ళు క్షయ మీద పనిచేసిన డెన్మార్కు డాక్టరు హాఫ్‌డాన్ మాలర్ 1973లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు అధిపతి అయ్యారు. అందరికీ ఆరోగ్యం అన్న మాట చాటిన 1978నాటి ఆల్మా ఆటా సభ ఆయన కాలంలోదే.

మా అక్క సంగతి చెబుతానన్నాను కదూ. 1974లో ఎ.ఎన్.ఎం.గా చేరింది. పెనుకొండ తాలూకాలో పల్లెలు. బస్సు దిగి మూడుమైళ్ళు నడక. మొదటి ఏడాది ఉత్సాహం చెప్పనలవి కాదు. ఇంటికి వస్తే పుట్టిన బిడ్డల కబుర్లే. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది, 1975 జూన్‌నుంచి 1977 మార్చి దాకా. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు లక్ష్యాలు పెట్టారు. దేశంలో ఒత్తిడి ఎక్కువగా ఉత్తరాదిన అన్నమాట నిజమే, అయితే ఇక్కడ కూడా లెక్క అడగడం తప్పలేదు. పురుడు ఎట్లా జరిగిందని అడిగే నాథుడు లేడు. "కేసులెన్ని తెచ్చావ్?" అని ఒకటే మాట. ఒక రాత్రి ఇంటికి వచ్చి గోడకు జేరబడి కూచుంది. "పాపా, ఆ ఊర్లో బిడ్డల్ని నా చేతులమీద దించినా. ఇప్పుడు నేను వస్తాండానంటే తలుపులు వేసుకుంటాండారు. చిన్నపిల్లలు కూడా పారిపోతాండారు. నాకీ వుద్యోగం వద్దే," అంది. నాయన ఏమీ మాట్లాడలేదు. మరునాడు బస్సెక్కించి వచ్చాడు, ఇల్లు గడవాలి కదా.

అక్కను నిలబెట్టింది ఒక హెల్త్ విజిటరమ్మ. వీళ్ళమీద అధికారి. పెద్దగా చదువుకున్నది కాదు, ఉపన్యాసాలు చెప్పేది కాదు. నెలకొకసారి ఆరోగ్యకేంద్రంలో మీటింగు జరిగేది, అందరూ రిజిష్టర్లు పట్టుకుని వచ్చేవారు. ఆమె వచ్చాక, రిజిష్టరు తెరవబోతే, "లెక్కలు తర్వాత చూద్దాం లేమ్మా. ముందు మనుషుల్ని చెప్పండి," అనేదట. ఒక్కొక్కరూ ఆ నెలలో మళ్ళీ పోయి చూసిన ఒక ఇంటి సంగతి చెప్పాలి. పోయిన నెల పెద్దాసుపత్రికి పంపిన బాలింత తిరిగొచ్చిందా? తూకం తక్కువ పుట్టిన పిల్లోడు ఇప్పుడు ఎట్లా వున్నాడు? పోయినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. చెబుతూ కొందరు ఏడ్చేవారట. ఆమె ఆపేది కాదు, టీ తెప్పించేది. అరగంట అట్లా గడిచాక రిజిష్టర్లు.

ఆ అరగంట కోసమే నెలంతా పనిచేసేవాళ్ళం అని అక్క యీనాటికీ అంటుంది. రెండేళ్ళకు ఆ విజిటరమ్మకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన వేళ వృథా అని ఆ పద్ధతి తీసేశారు. అక్క మాత్రం అంగడిలో ఒక గట్టి అట్ట నోటుపుస్తకం కొనుక్కుని తన పురుళ్ళన్నీ అందులో రాసుకోవడం మొదలుపెట్టింది. సర్కారు రిజిష్టరు వేరు, ఇది వేరు. పైవాళ్ళు పెట్టే ఆ లక్ష్యాల పద్ధతిని కేంద్రప్రభుత్వం 1996 ఏప్రిల్‌లో తీసేసింది. అప్పటికి అక్క నోటుపుస్తకాలు ఆరు నిండాయి.

ఇదే పని ఎక్కడో అమెరికాలో బోస్టన్ నగరంలో పెద్ద ఎత్తున మొదలయిందని చాలా ఏళ్ళకు తెలిసి నవ్వుకున్నాను. అక్కడ కెన్నెత్ ష్వార్ట్జ్ అనే లాయరు నలభై ఏళ్ళకే ఊపిరితిత్తుల కాన్సరుతో 1995లో పోయాడు. పోయేముందు పత్రికలో రాశాడట, తన చెయ్యిపట్టుకున్న నర్సులూ డాక్టర్లూ చూపించిన దయే ఓర్వలేనిదాన్ని ఓర్చుకొనేలా చేసిందని. ఆయన పేరుమీద 1997నుంచి ఆస్పత్రుల్లో కూటాలు పెడుతున్నారు. డాక్టరునుంచి వార్డుబాయి దాకా అందరూ ఒకచోట కూర్చుని, ఫలానా రోగిని చూసినప్పుడు మనసుకు ఏమనిపించిందో చెప్పుకుంటారు. మందుల మాట కాదు, మనసు మాట. ఇంగ్లండులో కూడా చాలా ఆస్పత్రుల్లో వచ్చింది.

ఆ దేశంలోనే ఇంకొక పరిశీలన. ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అని ఇద్దరు స్త్రీలు ఒక ఆస్పత్రిలో నేల తుడిచేవాళ్ళతో మాట్లాడి 2001లో రాశారు. కొందరు తమ పనిని చీపురు, బకెట్టు అని చెప్పారు. అదే పని, అదే జీతం వున్న మరికొందరు, తాము రోగుల్ని బాగుచేసేవాళ్ళలో ఒకళ్ళమని చెప్పారు. స్పృహలేని రోగుల గదిలో ఒకామె గోడమీద పటాలు అప్పుడప్పుడు మార్చి పెట్టేదట, ఏ మార్పయినా వాళ్ళ మెదడుకు మేలు చేస్తుందేమోనని. ఎవరూ చెయ్యమనలేదు. ఆ మాట చదివాక మన ఆయమ్మలు పక్కమంచం వాళ్ళకు కూడా గంజి తెచ్చిపెట్టడం, "లేచి నడువు, నడిస్తేనే గాలి పోతాది" అని గదమాయించడం గుర్తొచ్చాయి.

ఒక్క హెచ్చరిక చెయ్యాలి. సేవ, త్యాగం అని దండలు వేసి జీతం ఎగ్గొట్టడం మనకు బాగా అలవాటు. తిరుముక్కూడల్ రాజు ఆ పొరబాటు చెయ్యలేదు, వడ్లు కొలిచాడు. 2005లో ఆశా కార్యకర్తల్ని పెట్టినప్పుడు వాళ్ళను వుద్యోగులనలేదు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళన్నారు. ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. మన రాష్ట్రంలో వాళ్ళు రోడ్డెక్కి అడిగి అడిగి, 2019లో గాని అది నెలకు పదివేలు కాలేదు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ వాళ్ళకు పురస్కారం ప్రకటించింది. సంతోషమే. పురస్కారంతో అంగడిలో బియ్యం రావు.

ధర్మవరానికి దగ్గరే బత్తలపల్లి. అక్కడి ఆస్పత్రి చూసే వుంటారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు అనంతపురం వచ్చి మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థది. ఆయన, ఆయన భార్య ఆన్ ఫెర్రర్, ముందు ఆస్పత్రి కట్టలేదు. పల్లెల్లోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తల్ని చేశారు. అంటే పొరుగింటి మనిషే వచ్చి చంటిబిడ్డను తూచేది. మందు పనిచేసిందో లేదో రేపు నీళ్ళబిందె దగ్గరే తెలిసిపోతుంది! బత్తలపల్లి ఆస్పత్రి 2000లో వచ్చింది. హెచ్.ఐ.వి. అంటే జనం ఆమడదూరం పారిపోయే రోజుల్లో ఆ రోగుల్ని చేర్చుకుంది. పక్కనే నర్సుల పాఠశాల వుంది. అందులో చదివేవాళ్ళు చాలామంది యీ చుట్టుపట్ల పేదిళ్ళ పిల్లలే. నర్సుపని తగదన్న మన పెద్దవాళ్ళ మాట వాళ్ళు వినకపోవడం మన అదృష్టం. 2020లో ఆ ఆస్పత్రినే కరోనా ఆస్పత్రిగా మార్చారు.

2020 అనేసరికి నాకు గొంతు పట్టుకుంటుంది. ఆ ఏప్రిల్‌లో మన జిల్లాలో జబ్బు ముందుగా బయటపడ్డ ఊళ్ళలో హిందూపురం ఒకటి. వీధులకు కంపలు అడ్డం వేశారు. అంతకు ముందు మార్చి 22న సాయంత్రం అయిదుగంటలకు ఆస్పత్రివాళ్ళ గౌరవార్థం చప్పట్లు కొట్టమంటే నేనూ మిద్దెమీదికి పోయి పళ్ళెం గరిటె పట్టుకుని కొట్టాను. మా వీధిలో మూడో ఇంట్లో వెనక పోర్షన్‌లో ఒక నర్సమ్మ బాడుగకు వుండేది. పదిరోజులు తిరగకముందే ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఇంటాయన నాకు వరసకు అన్న. "ఏం చేసేదమ్మా, ఇంట్లో ముసలివాళ్ళు వుండారు," అన్నాడు. నేనేమీ అనలేదు. మా ఇంట్లోనూ అత్తగారు వున్నారు మరి. ఆ పిల్ల ఒక బకెట్టు, ఒక సూట్‌కేసు, పరుపుచుట్ట ఆటోలో వేసుకుని పోయింది. పోతూ నన్ను చూసి, "పోయొస్తా ఆంటీ," అని చెయ్యి కూడా ఊపింది.

దేశంలో ఎన్నో ఊళ్ళలో అట్లానే జరిగింది. 1897లో, ప్లేగు రోజుల్లో, ఇంగ్లీషువాళ్ళు చేసిన అంటురోగాల చట్టం ఒకటి వుంది. మరుసటేడు ప్లేగు రైలెక్కి బెంగుళూరుకు కూడా వచ్చింది. ఇల్లు సోదా చెయ్యడానికి, రోగిని లాక్కుపోవడానికి అధికారాలన్నీ ఆ చట్టంలో వున్నాయి. ఆ రోగికి సేవచేసే మనిషిని కాపాడే మాట లేదు. 2020 ఏప్రిల్ 22న గాని ఆ మాట చేర్చలేదు. నూట ఇరవైమూడేళ్ళు పట్టింది. అందులోనూ కొట్టినవాళ్ళను, వేధించినవాళ్ళను జైల్లో పెట్టొచ్చు. మిద్దెమీదనుంచి చూస్తూ వూరుకున్న నాలాంటివాళ్ళను ఏ చట్టం ఏం చేస్తుంది?

ఆ పిల్ల పేరు నేను అప్పుడు కూడా అడగలేదు. తర్వాత ఇంటివాళ్ళను అడిగితే, "నర్సమ్మ అనేవాళ్ళం," అన్నారు.

పోయిన సంక్రాంతికి అక్క దగ్గరికి పోయాను. 2011లో రిటైరయింది. మోకాళ్ళనొప్పులు, పెద్దగా తిరగలేదు. ఆ పాత నోటుపుస్తకాలు ట్రంకుపెట్టెలో బట్టలకింద దాచింది. ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క పురుడు. తేదీ, ఊరు, తల్లిపేరు, బిడ్డ తూకం, దగ్గరున్నవాళ్ళు, చివర కొంచెం ఖాళీ. ఆ ఖాళీలో ఎన్నో ఏళ్ళ తర్వాత వేరే సిరాతో రాసినవి వున్నాయి: "టెన్తు పాసయినాడు", "కోలారులో ఇచ్చినారు", "పోయినాడు, పాము". చూస్తూ వుంటే పొద్దు తెలియలేదు.

నా పెద్దబిడ్డ పుట్టింది 1981లో. కాన్పు కష్టమయిందని అక్క సెలవుపెట్టి వచ్చి ఆస్పత్రిలో నా దగ్గరే వుంది. "అది కూడా రాసినా చూడు," అని ఆ పేజీ తీసింది. తేదీ, నా పేరు, బిడ్డ తూకం, పక్కన డాక్టరమ్మ పేరు, అన్నీ వున్నాయి. ఆ రాత్రి తెల్లవార్లూ నా కాళ్ళు పట్టిన ఆమె పేరుకోసం వెతికాను. దగ్గరున్నవాళ్ళు అన్నచోట అక్క చక్కటి అక్షరాలతో రాసింది: "నేను, ఒక ఆయమ్మ."

అక్క కళ్ళద్దాలు సవరించుకుని ఆ వరుస మళ్ళీ చదివింది. "పేరు అడిగింటే బాగుండు," అంది.